పొలిమేర దాటాక అంటుకున్న పేర్లు

కలకత్తాకు నైరుతిగా, హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌లో 1887 సెప్టెంబరులో వాజిద్ అలీ షా కన్నుమూశాడు. తెల్లదొరల దస్తావేజుల్లో ఆయన సొంత పేరు కనిపించేది తక్కువ. ‘అవధ్ రాజు’ అనో, ఇంకాస్త నిక్కచ్చి గుమస్తా అయితే ‘మాజీ అవధ్ రాజు’ అనో రాసేవారు. అవధ్ ఆయన చేయి జారింది 1856 ఫిబ్రవరిలో. డల్హౌసీ ఆ రాజ్యాన్ని కంపెనీ ఏలుబడిలో కలిపేసుకున్నాడు. మే నెలకల్లా నవాబు స్టీమరెక్కి వచ్చి ఇక్కడి బిచాలీ ఘాట్‌లో దిగాడు. అవధ్‌ను ఆయన ఏలింది తొమ్మిదేళ్లు. అవధ్ పేరు మోస్తూ మెటియాబ్రుజ్ అనే ఈ మట్టి బురుజు పక్కన బతికింది ముప్ఫై ఏళ్లకు పైగా. లక్నోలో ఉన్నన్నాళ్లూ ఆయన జనానికి జహాపనా, కవిత్వంలో ‘అఖ్తర్’. రాజ్యం ఉన్నప్పటికంటే పోయాకే రాజ్యం పేరు ఆయనకు గట్టిగా అతుక్కుంది.

దేశాల పేర్లతో కలిసే ప్రముఖుల పేర్లు పోగుచేయడం క్విజ్ నడిపేవాళ్లకు పాత సరదా. మైకేల్ జోర్డాన్, అనటోల్ ఫ్రాన్స్, క్యూబా గూడింగ్, అడ్మిరల్ టోగో అంటూ ఆ జాబితా సాగుతుంది. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు కలగాపులగంగా ఉంటాయి. అచ్చంగా కాకతాళీయమైనవి కొన్ని. మనిషి నుంచి దేశానికి వెళ్లిన పేర్లు కొన్ని. దేశం నుంచి మనిషికి వచ్చినవి మరికొన్ని. మూడో రకంలోనే విషయం ఉంది. ఐక్యరాజ్యసమితిలో ఉన్న 193 సభ్యదేశాలనే లెక్కలోకి తీసుకుంటే ఆ విషయం కూడా సరిగా కనబడదు. అవధ్, బేరార్, తెలంగ దేశం లాంటి పటం నుంచి చెరిగిపోయిన పాత దేశాలనూ కలుపుకుని చూడాలి.

కాకతాళీయాలను ముందుగా పక్కన పెట్టేద్దాం. 1905లో సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ముంచిన జపాను అడ్మిరల్ టోగో హెయిహాచిరోకీ, 1960లో స్వతంత్రమైన ఆఫ్రికా టోగోకీ చుట్టరికం లేదు. చాడ్ అనేది ఏడో శతాబ్దంలో ఇంగ్లండులో బతికిన ఒక సెయింటు పేరు, ఆఫ్రికా చాడ్‌కు పేరిచ్చింది ఒక సరస్సు. జోమో కెన్యాట్టా పేరు కెన్యా నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు, ఆయన నడుముకు కట్టుకునే పూసల పట్టీ నుంచి వచ్చిందని చెబుతారు. ఆయన బాప్తిస్మపు పేరు జాన్‌స్టన్ కమావు. మన పాఠకులకు పరిచయమైన అనటోల్ ఫ్రాన్స్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. తండ్రి ఫ్రాన్స్వా తిబో పారిస్‌లో పుస్తకాల కొట్టు నడిపేవాడు. ఫ్రాన్స్వాను ముద్దుగా కురచ చేస్తే ‘ఫ్రాన్స్’. కొట్టుకూ ఆ పేరే పెట్టారు. కొడుకు కొట్టు పేరును కలంపేరు చేసుకున్నాడు, ఆ పేరుమీదే 1921లో నోబెల్ అందుకున్నాడు.

మనిషి పేరు దేశానికి పెట్టడం మరో వరస. బొలీవియాకు బొలీవార్, ఫిలిప్పీన్స్‌కు స్పెయిన్ రాజు ఫిలిప్, మారిషస్‌కు డచ్చి యువరాజు మారిస్. ఫిలిప్ ఆ దీవుల ముఖం చూడలేదు, మారిస్‌దీ అంతే. రోడ్స్ దొర పేరున వెలసిన రొడీషియా 1980లో జింబాబ్వే అయింది. ఎక్కడో ఉన్న యజమాని పేరును కొత్తగా పట్టిన భూమి మీద కొట్టడం తప్ప ఇందులో చెప్పుకోదగ్గ లోతు లేదు.

దేశం పేరు మనిషికి ఎప్పుడు అంటుకుంటుందో తెలుగువాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ప్రతి ఇంటిపేరులోనూ ఆ సూత్రం ఉంది. కందుకూరులో అందరూ కందుకూరివారే కాబట్టి అక్కడ ఎవరినీ అలా పిలవరు. ఊరు విడిచి రాజమండ్రి చేరిన కుటుంబమే కందుకూరివారైంది, వీరేశలింగం పుట్టింది అక్కడే. టంగుటూరి ప్రకాశం పుట్టింది టంగుటూరులో కాదు, వినోదరాయునిపాలెంలో. ఊరికి ఇంటిపేరు ఎలాగో నాడుకు శాఖ పేరు అలాగ. వెలనాడు, వేంగినాడు, ములికినాడు, తెలగాణ్యం అనేవి ఒకప్పటి దేశవిభాగాలు. ఆ సరిహద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేవో ఇవాళ చెప్పగలిగేవాళ్లు పురావస్తు శాఖలోనే దొరుకుతారు. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో మాత్రం ఆ దేశాలు నిక్షేపంగా ఉన్నాయి.

తెలుగువాళ్లు వింధ్య దాటితే వాళ్లకు తగిలిన పేరు ‘తైలంగ’. షాజహాన్ కొలువులో వెలిగిన జగన్నాథ పండితరాయలు తైలంగుడే. పుష్టిమార్గం నడిపిన వల్లభాచార్యుల కుటుంబమూ తైలంగమే. వీటన్నిటికంటే నికార్సయిన ఉదాహరణ కాశీలో ఉంది. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి గంగ ఒడ్డున స్థిరపడిన ఒక సన్యాసిని కాశీవాసులు తెలంగస్వామి అన్నారు, బెంగాలీలు త్రైలంగస్వామి అన్నారు. ఆయన పూర్వాశ్రమ నామం శివరాముడు, సన్యాసనామం గణపతి సరస్వతి. రెండూ పుస్తకాలకే పరిమితం. రామకృష్ణ పరమహంస వెళ్లి చూసివచ్చింది ‘త్రైలంగస్వామి’ని. ఆయన వయసు గురించి రెండొందల ఎనభై అనే దాకా కథలున్నాయి, వాటి జోలికి మనం పోనక్కర్లేదు. సిద్ధిపొందింది మాత్రం 1887 చివర్లో, అంటే మెటియాబ్రుజ్‌లో అవధ్ రాజు పోయిన ఏడాదే. ఇల్లూ వాకిలీ, బంధుత్వం, గోత్రం అన్నీ వదిలేసిన సన్యాసికి కూడా వదలని పేరు దేశానిది. విజయనగరంలోనే తపస్సు చేసుకుని ఉంటే ఆయన్ను తెలంగస్వామి అనే అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

ఇదే మాట ఇంకో దారిలో ఇంకా దూరం పోయింది. 1756 చివర్లో క్లైవు మద్రాసు నుంచి ఓడల మీద బెంగాలుకు తెచ్చిన సిపాయిల్లో కోస్తా తెలుగువాళ్లు ఎక్కువ. ఉత్తరాదివాళ్లు వాళ్లను ‘తిలంగా’ అన్నారు. ప్లాసీ అయిపోయింది, బెంగాల్ సైన్యం పెరిగింది, కొత్త సిపాయిలను అవధ్ నుంచీ బీహారు నుంచీ తీసుకోవడం మొదలైంది. తెలుగువాళ్లు తగ్గిపోయారు గానీ పిలుపు మాత్రం పోలేదు. ఎర్రకోటు తొడిగి తుపాకీ పట్టిన ప్రతివాడూ తిలంగాయే. అవధ్ నవాబు షుజా ఉద్దౌలా పాశ్చాత్య పద్ధతిలో కవాతు నేర్పించుకున్న సొంత దళాలకు కూడా ఆ పేరే వచ్చింది. 1857 నాటికి ఢిల్లీ, లక్నోల ఉర్దూ రచయితలు తిరగబడ్డ సిపాయిలను రాసింది ‘తిలంగే’ అనే. ఆ తిలంగాల్లో అధికభాగం ఎవరు? అవధ్ పల్లెల్లోని బ్రాహ్మణ, రాజపుత్ర రైతుల కొడుకులు. వాళ్లలో గోదావరి ఎక్కడుందో తెలిసినవాడు ఎంతమంది ఉంటారు!

అవధ్ మనుషులు తమ ఊళ్లోనే తెలంగులైపోయారు, వాళ్ల తిరుగుబాటు కారణంగా వాళ్ల రాజును మెటియాబ్రుజ్ నుంచి తీసుకెళ్లి విలియం కోటలో రెండేళ్లు కట్టేశారు. ఆయన ఇక్కడ అవధ్ పేరుతో ఖైదీ, వాళ్లు అక్కడ తెలుగు పేరుతో తిరుగుబాటుదార్లు. దేశం పేరు మనిషిని విడిచి ఉద్యోగానికి అంటుకోవడానికి ఇంతకంటే విచిత్రమైన ఉదాహరణ నాకు కనపడలేదు. ఉత్తర కలకత్తాలో ఉల్టాడాంగా దగ్గర ఆ పిలుపును తలపించే తెలెంగాబాగాన్ అని ఒక పేట ఇప్పటికీ ఉంది, దుర్గపూజ పందిళ్లకు పేరున్న చోటు.

రాజుల దగ్గరికి మళ్లీ వద్దాం. రాజును రాజ్యం పేరుతో పిలవడం ఐరోపా మర్యాద. షేక్స్‌పియర్ నాటకాల్లో ఫ్రాన్సు రాజును ‘ఫ్రాన్స్’ అనే పిలుస్తారు. ఆ మర్యాదను దొరలు మన సంస్థానాలకు తగిలించారు, కొన్నిచోట్ల అది వెటకారంలా తయారైంది. నిజాం 1853లో బేరార్‌ను కంపెనీకి అప్పగించాడు. 1902లో కర్జన్ దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు చేయించాడు. తర్వాత 1936 ఒప్పందంలో బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని కాగితం మీద గౌరవిస్తూ, ఆయన పెద్దకొడుకు ఆజం జాకు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ అనే బిరుదు ఇచ్చారు. పాలన ఇచ్చారా? లేదు. పత్తి పొలాలు దొరలకు, పేరు హైదరాబాదుకు. ఆయన భార్య, ఆటోమన్ వంశపు ఆడపడుచు దుర్రుషెహ్వార్ కూడా బేరార్ యువరాణిగానే పిలిపించుకుంది. ఆమె పుట్టింటివాళ్లకు అప్పటికే రాజ్యం లేదు, మెట్టినింటివాళ్లు ఆమెకు ఇచ్చిన బిరుదుకూ భూమి లేదు.

విజయనగరం దేశం కాదు, జమీందారీ. అయినా విజ్జీని వదలలేం. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడాయన. స్కోరు పుస్తకాల్లో ‘మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయనగరం’ అని ఉంటుంది, ‘విజ్జీ’ కూడా ఊరి పేరుకు కత్తిరింపే. మరి ఆయన నివాసం? కాశీలో. చిన్న కొడుకుగా పుట్టి, కుటుంబపు ఆస్తి పంపకాలయ్యాక అక్కడ స్థిరపడ్డాడు. అసలు విజయనగరంలో ఉన్నవాళ్లు పూసపాటివారు, కాశీలో ఉన్నాయన విజయనగరం. ఆయన బ్యాటింగు గురించి క్రికెట్ రచయితలు రాసినవి ఇక్కడ వద్దులెండి.

పటౌడీ మాట వేరు. అక్కడ పేరు పోయింది చట్టంతో. మన్సూర్ అలీ ఖాన్ 1962లో ఇరవై ఒక్కేళ్లకు జట్టు పగ్గాలు పట్టినప్పుడు స్కోరుబోర్డు మీద ఆయన ‘నవాబ్ ఆఫ్ పటౌడీ’. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలనూ బిరుదులనూ రద్దుచేసింది. ఆ తర్వాత ఇంగ్లండుతో ఆడిన ఆటల్లో ఆయన ‘మన్సూర్ అలీ ఖాన్’. పార్లమెంటు ఓటేసి ఒక బ్యాట్స్‌మన్ పేరు మార్చడం క్రికెట్ చరిత్రలో అరుదు. జనం మాత్రం సవరణను పట్టించుకోలేదు, చివరిదాకా ఆయన పటౌడీయే.

అవధ్ పేరుకు ఇరవయ్యో శతాబ్దంలో మరో ఆసామి దొరికింది. విలాయత్ మహల్ అనే ఆమె తాను అవధ్ బేగమునని, వాజిద్ అలీ షా వంశానికి వారసురాలినని ప్రకటించి, పిల్లలతో, నౌకర్లతో, కుక్కలతో న్యూఢిల్లీ స్టేషన్ వెయిటింగ్ రూములో ఏళ్లతరబడి మకాం వేసింది. చివరికి ప్రభుత్వం 1985లో అడవిలోని మాల్చా మహల్ అనే శిథిలాన్ని ఇచ్చింది. విదేశీ విలేఖరులు అక్కడికి తీర్థయాత్రలా వెళ్లేవారు. కలకత్తాలోని నవాబు వారసులు మొదటినుంచీ ఆమెను ఒప్పుకోలేదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆరా తీస్తే తేలింది వేరు. ఆమె లక్నో విశ్వవిద్యాలయంలో పనిచేసి దేశవిభజన తర్వాత లాహోరు వెళ్లిన ఒక అధికారి భార్య. అవధ్ లేకుండా పోయిన నూరేళ్ల తర్వాత కూడా ఆ పేరు వేసుకుంటే ప్రభుత్వాలు కదిలాయంటే, ఆ పేరుకున్న బరువు చిన్నది కాదు. నిజంగా ఆ పేరు మోసినవాడి సమాధి మెటియాబ్రుజ్‌లో, 1864 నాటి సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఉంది. ఆయన పోయాక చుట్టూ ఉన్న భవనాలూ జంతుశాలా చాలావరకు వేలంపాటకు పోయాయి.

నవాబు దర్బారు నడుస్తున్న రోజుల్లోనే, మెటియాబ్రుజ్ ఉన్న ఇదే గార్డెన్ రీచ్ ఒడ్డు నుంచి మరో రకం మనుషులు ఓడలెక్కారు. ఒప్పందం మీద వలసలకు పోయే గిర్మిటియా కూలీలు. ఏ వలసకు పోయేవాళ్ల డిపో ఆ వలస పేరుతో ఉండేది. డెమెరారా, ట్రినిడాడ్, మారిషస్, సూరినామ్. 1873 ఫిబ్రవరిలో లల్లా రూఖ్ ఓడ ఇక్కడినుంచి బయల్దేరి జూన్‌లో పారమరిబో చేరింది, సూరినామ్‌కు మొదటి కూలీ ఓడ అదే. ఓడలెక్కిన చోటును ఇప్పుడు సూరినామ్ ఘాట్ అంటారు, 2015లో అక్కడ ‘మాయీ-బాప్’ స్మారకం పెట్టారు. ఒక దక్షిణ అమెరికా దేశం పేరు హుగ్లీ మెట్లకు మిగిలింది.

ఈ ఓడల సంతానంలోనే మన జాబితాకు అతిపెద్ద పేరు దొరుకుతుంది. 2001లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న వి.ఎస్. నైపాల్. అవధీ, భోజ్‌పురి పలుకుబడిలో నేపాల్‌ను నైపాల్ అంటారు. ట్రినిడాడ్‌లో ఇంగ్లీషు గుమస్తాలు తాతల ఒంటి పేరును ఇంటిపేరుగా రాసుకుంటూ పోయారు, దాంతో ఒక దేశం పేరు ఒక కుటుంబానికి స్థిరపడింది. ఆయన తల్లి వైపు తాత కపిల్‌దేవ్ కలకత్తాలో ఓడెక్కి వెళ్లినవాడే. ఒక మనిషి పేరు నేపాల్, పుట్టుక ట్రినిడాడ్, పూర్వీకులు ఉత్తర హిందుస్థానం, స్థిరనివాసం ఇంగ్లండు. జీవితమంతా తన ఊరు ఏదో తేల్చుకోలేక రాసిన రచయితకు తగిన పేరే దొరికింది.

వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. వాళ్ల సంగతే మెటియాబ్రుజ్ చరిత్రలో అన్నిటికంటే చేదు. ఊళ్లకు వెళ్తే సముద్రం దాటారని కులం వెలివేసింది, దాచుకున్న డబ్బు బంధువులు లాగేసుకున్నారు. 1920లలో ఫిజీ, ట్రినిడాడ్, గయానా, సూరినామ్‌ల నుంచి వచ్చినవాళ్లు మెటియాబ్రుజ్ మురికివాడల్లో జ్వరాలతో పడివుండి, మళ్లీ ఆ దేశాలకే పోయే ఓడ కోసం ఎదురుచూశారు. బనారసీదాస్ చతుర్వేది లాంటివాళ్లు వాళ్ల దురవస్థ గురించి రాశారు. అక్కడ ఉన్నన్నాళ్లూ వాళ్లు ‘హిందుస్థానీ’లు, ఇక్కడికి వచ్చాక ‘ఫిజీ నుంచి వచ్చినవాళ్లు’.

తెలుగు కూలీలు ఎక్కువగా మద్రాసు నుంచీ కోరంగి నుంచీ వెళ్లారు. అందుకే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాడంటే ‘కోరంగి’. బర్మా సర్కారు నివేదికల్లో శ్రీకాకుళం మనిషీ కోరంగీయే, నెల్లూరు మనిషీ కోరంగీయే. 1839 తుపానుకు ఆ రేవు తుడిచిపెట్టుకుపోయినా పిలుపు నిలిచింది. ఈ ప్రవాసుల లెక్కలన్నీ కూర్చి 1930లలోనే ఇంగ్లీషులో పుస్తకం రాసిన తెలుగాయన పేరు చూడండి, లంకా సుందరం. 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు వెళ్లారు. ఆయన ఇంటిపేరులోని లంకకు సింహళంతో పనిలేదు, గోదావరి పాయల మధ్య తేలిన దిబ్బలను మనవాళ్లు లంకలంటారు. దక్షిణాన ఉన్న దేశం ‘శ్రీలంక’ను అధికారికంగా పెట్టుకున్నదే 1972లో. అయినా ప్రవాసుల మీద పుస్తకం రాయడానికి లంకవారే పూనుకోవడం ముచ్చటగా లేదూ?

ఇదే సూత్రం మరికొందరి పేర్లలోనూ కనిపిస్తుంది. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను తీయించిన అర్దెషిర్ ఇరానీ పుట్టింది పుణేలో. ఇరాన్‌లో ఉండిపోయినవాళ్లెవరికీ ఇరానీ అనే ఇంటిపేరు అక్కర్లేకపోయింది. ‘మలేషియా’ వాసుదేవన్ మద్రాసుకు పాటలు పాడటానికి వచ్చినప్పుడు మలేషియా అనే దేశానికే పట్టుమని పదేళ్లు లేవు, 1963లో ఏర్పడింది. మౌంట్‌బాటెన్ మనవరాలు ఇండియా హిక్స్ 1967లో పుట్టింది. ఆ కుటుంబం ఈ దేశం వదిలి వెళ్లిన రెండు దశాబ్దాల తర్వాత.

పొలిమేర దాటాకే దేశం పేరు అంటుకుంటుందన్న నా సిద్ధాంతానికి లొంగనివి కూడా ఉన్నాయి. అరబ్బులు మన దేశాన్ని హింద్ అంటారు, ఆడపిల్లలకూ ఆ పేరు పెడతారు. ప్రవక్త కాలపు హింద్ బింత్ ఉత్బా నుంచి ఈజిప్టు సినిమా తార హింద్ రోస్తమ్ దాకా. వాళ్లెవరూ మన వైపు నుంచి వెళ్లినవాళ్లు కారు. బెంగాలులో నేపాల్ మామూలు మగపేరు. కాంగ్రెసు నాయకుడు నేపాల్ మహతో, మార్క్సిస్టు నాయకుడు నేపాల్‌దేవ్ భట్టాచార్య ఇద్దరూ ఇక్కడివాళ్లే. బెంగాలీ ఆడపిల్లలకు ‘చాయ్‌నా’ అని ఒక పేరుంది, వినడానికి చైనాలా ఉంటుంది. దానర్థం ‘వద్దు’. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో పెట్టేవారు. ఇక మనవైపు చిన్నవాళ్లందరూ ఇంగ్లీషు కాగితాల మీద చైనావాళ్లే. ఉపముఖ్యమంత్రి చేసిన నిమ్మకాయల చినరాజప్ప పేరును రోమను లిపిలో విడదీసి రాస్తే మొదటి సగం బీజింగుదే అవుతుంది.

ఇంకో పేరుంది, అది దేనికీ లొంగదని మొదట అనిపిస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కుటుంబాల్లో ఇశ్రాయేలు చాలా మామూలు పేరు. 2023లో శాసనమండలికి వెళ్లిన కోనసీమ నాయకుడు బొమ్మి ఇజ్రాయెల్ ఒక ఉదాహరణ. ఇలాంటి కుటుంబాలు ఎక్కడినుంచీ రాలేదు, ఆ దేశంతో చుట్టరికమూ లేదు. పెట్టుకున్నది దేశం పేరు కాదు, బైబిల్లోని యాకోబుకు వచ్చిన రెండో పేరు. అయితే ఆ పేరు యాకోబుకు ఎక్కడ వచ్చిందో ఆదికాండం 32వ అధ్యాయంలో ఉంది. ఇరవై ఏళ్లు పరాయి దేశంలో మామ దగ్గర చాకిరీ చేసి, పెళ్లాం పిల్లలతో ఇంటికి తిరిగివస్తూ యబ్బోకు రేవు దాటే రాత్రి వచ్చింది. ఆ యబ్బోకును ఇప్పుడు జర్కా నది అంటారు. అది పారేది ఇజ్రాయెల్‌లో కాదు, జోర్డాన్‌లో.